ఉప్పు చెప్పిన లెక్క

1947వ సంవత్సరం. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. దానితోపాటే దేశ విభజనా వచ్చింది. ఢిల్లీలో అల్లర్లు చెలరేగాయి. ప్రాణభయంతో ఇళ్లు విడిచిన వేలాది మంది ఎర్రకోటలో తలదాచుకున్నారు. వాళ్లకు భోజనం పెట్టవలసిన బాధ్యత ప్రభుత్వానిది. ప్రభుత్వం ఆ పని కాంట్రాక్టర్లకు అప్పగించింది. వాళ్లు బియ్యం ఇంత, పప్పు ఇంత, ఉప్పు ఇంత అని బిల్లులు పంపేవారు. ప్రభుత్వం డబ్బు చెల్లించేది. బిల్లులు చూస్తే గుండె గుభేలుమనేలా ఉన్నాయి. ఇంతకీ కోట లోపల ఎంతమంది ఉన్నట్టు? ఆ సంగతి ఎవరికీ తెలియదు. లోపలికి వెళ్లి తలలు లెక్కపెట్టే పరిస్థితి కాదు.

సాంఖ్యక శాస్త్రజ్ఞులను పిలిచి, ‘కోటలోకి వెళ్లకుండా లోపల ఎంతమంది ఉన్నారో చెప్పండి’ అన్నారు. వినడానికి పొడుపుకథలా ఉంది కదూ! జె.ఎం. సేన్‌గుప్తా అనే శాస్త్రజ్ఞుడు చెప్పిన ఉపాయంతో ఆ ముడి విడిపోయింది.

ఉపాయం ఇది. ఒక మనిషి రోజుకు సగటున ఎంత బియ్యం తింటాడో, ఎంత పప్పు, ఎంత ఉప్పు వాడతాడో అంతకుముందు జరిగిన కుటుంబ ఖర్చుల సర్వేల వల్ల తెలుసు. బిల్లులోని మొత్తం బియ్యాన్ని తలసరి బియ్యంతో భాగిస్తే మనుషుల సంఖ్య వస్తుంది. పప్పుతో భాగించినా, ఉప్పుతో భాగించినా అదే సంఖ్య రావాలి, బిల్లులు నిజమైతే. లెక్క అర్థం కావడానికి కొన్ని అంకెలు నేనే వేసి చూపిస్తాను. మనిషికి రోజుకు 400 గ్రాముల బియ్యం, 10 గ్రాముల ఉప్పు కావాలనుకుందాం. బిల్లులో 20,000 కిలోల బియ్యం ఉంటే 50,000 మంది అని తేలుతుంది. అదే బిల్లులో ఉప్పు 300 కిలోలే ఉంటే? 30,000 మంది మాత్రమే! ఒకే కోటలో రెండు జనాభాలు ఎలా ఉంటాయి?

నిజంగా జరిగింది కూడా ఇదే. బియ్యాన్ని బట్టి వచ్చిన సంఖ్య అన్నిటికన్నా పెద్దది, ఉప్పును బట్టి వచ్చినది అన్నిటికన్నా చిన్నది. వాటిలో దేనిని నమ్మాలి? మీరే ఒక నిమిషం ఆలోచించండి. బియ్యం ఖరీదైనది. పది బస్తాలు ఎక్కువ రాసుకుంటే లాభం ఉంది. ఉప్పు చవక. ఎక్కువ రాసుకున్నా మిగిలేది ఏమీ లేదు. అందుచేత ఉప్పు అబద్ధం చెప్పదు! శాస్త్రజ్ఞులు ఉప్పు సంఖ్యనే తీసుకున్నారు. హుమాయూన్ సమాధి దగ్గర మరో చిన్న శిబిరం ఉండేది. అక్కడ ఎంతమంది ఉన్నారో ఇంచుమించుగా తెలుసు. అక్కడి బిల్లుల మీద ఇదే లెక్క వేసి చూస్తే సరిపోయింది.

ఈ కథను సి.ఆర్. రావు గారు తమ పుస్తకంలో చెప్పారు. ఆయన గురించి కాస్త తర్వాత చెబుతాను. అసలు గమనించవలసింది ఉపాయంలోని తెలివిని మాత్రమే కాదు. ఎవరో ఒకరు అంతకుముందే ఇంటింటికీ వెళ్లి, మనిషికి ఎంత ఉప్పు కావాలో కూర్చి పెట్టబట్టి ఆ ఉపాయం పారింది. ఆ సర్వేలు లేకపోతే ఎంత తెలివి ఉన్నా దండగే.

కరణం లేని సీమ

‘బీద దేశానికి ఈ లెక్కల గొడవ ఎందుకు మాస్టారూ? ఆ డబ్బుతో నాలుగు బావులు తవ్వవచ్చు కదా?’ అని మా తొమ్మిదో తరగతి కుర్రాడొకడు అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. బావులు ఏ ఊళ్లో తవ్వాలి? నీళ్లు లేని ఊళ్లు ఎన్ని? ఆ జాబితా ఎవరి దగ్గర ఉంది? జాబితా లేకపోతే పలుకుబడి ఉన్నవాడి ఊళ్లో తవ్వుతారు!

ఇంతకన్నా భయంకరమైన ఉదాహరణ 1943 నాటి బెంగాల్ కరువు. ఆ కరువులో చనిపోయినవారు 15 లక్షలని ఒక అంచనా, 30 లక్షలకు పైనే అని మరో అంచనా. చూశారా, చనిపోయినవారి లెక్కలోనే ఇంత తేడా! ఆ కరువుకు యుద్ధం, ధరలు, పాలకుల నిర్లక్ష్యం వంటి కారణాలు అనేకం. కాని బెంగాలులో ఆ ఏడు ఎంత వరి పండిందో, ఎంత నిలవ ఉందో నమ్మదగిన లెక్క ప్రభుత్వం దగ్గర లేకపోవడం ఆ కష్టాన్ని మరింత పెంచింది.

ఎందుకు లేదు? మన ప్రాంతంలో రైత్వారీ పద్ధతి ఉండేది. ఊరి కరణం సర్వే నంబరు వారీగా ఏ చెక్కలో ఏ పైరు ఉందో అడంగల్‌లో రాసేవాడు. తెలంగాణలో పట్వారీ పహాణీ రాసేవాడు. వాళ్ల మీద మీ తాతయ్యలకు ఎన్ని ఫిర్యాదులున్నా సరే, ఊరి పైర్ల లెక్క ఒకటంటూ ఉండేది. బెంగాలులో 1793 నుంచీ శాశ్వత శిస్తు పద్ధతి. జమీందారు కట్టవలసిన శిస్తు మారదు. అందువల్ల ఏ చేలో ఏమి పండిందో తెలుసుకోవలసిన అవసరం సర్కారుకు కలగలేదు. ఊరూరా లెక్క రాసే ఉద్యోగీ లేడు.

చిత్రమేమిటంటే, ఆ లోటులోంచే ప్రపంచానికి దారి చూపిన పద్ధతి ఒకటి పుట్టింది.

ఓడలో చదివిన పుస్తకాలు

ప్రశాంత చంద్ర మహాలనోబిస్ 1893 జూన్ 29న కలకత్తాలో పుట్టారు. మీ సైన్సు మాస్టారు సంతోషించవలసిన విషయం ఏమిటంటే, ఆయన చదివింది భౌతికశాస్త్రం. కేంబ్రిడ్జిలో చదువు ముగించుకొని 1915లో స్వదేశానికి బయలుదేరబోతూ ‘బయోమెట్రికా’ అనే పత్రిక సంపుటాలు కొన్నారు. ప్రయాణంలో ఓడ మీద వాటిని చదివారు. కొలతల్లోని తేడాలను ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే శాస్త్రం అది. మనుషుల ఎత్తులైనా, వానలైనా, పంటలైనా ఆ శాస్త్రానికి ఒకటే. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం బోధిస్తూ, అదే శాఖలోని ఒక గదిలో 1931 డిసెంబరులో భారత సాంఖ్యక సంస్థను స్థాపించారు. మొదటి ఏడాది ఖర్చు 250 రూపాయల లోపే!

అప్పట్లో జనపనార బెంగాలుకు బంగారం. గోనెసంచుల కోసం ప్రపంచమంతా ఆ నారే కొనేది. ఏటా ఎంత పండుతుందో ముందుగా తెలిస్తే రైతుకూ మేలు, మిల్లుకూ మేలు. కరణాలు లేని చోట ఎలా లెక్కించాలి? కోట్ల చెక్కలున్న నేల అది. మహాలనోబిస్ 1937లో చిన్న ఎత్తున మొదలుపెట్టి ఏటేటా విస్తరించారు. అన్ని చెక్కలూ చూడనక్కరలేదని, చీట్లు తీసినట్టుగా కొన్నిటిని ఎన్నుకొని వాటినే జాగ్రత్తగా చూస్తే చాలునని ఆయన వాదం.

1941లో పరీక్ష జరిగింది. ప్రభుత్వం ఒకవైపు చెక్కచెక్కకూ మనుషులను పంపి పూర్తి లెక్క తీయించింది. మరోవైపు మహాలనోబిస్ నమూనా సర్వే జరిపారు. పూర్తి లెక్క ప్రకారం పంట సుమారు 63 లక్షల బేళ్లు. నమూనా సర్వే ప్రకారం 75 లక్షల 40 వేలు. తర్వాత రేవుల నుంచీ వ్యాపారుల నుంచీ వచ్చిన అసలు లెక్కలు కూడితే 75 లక్షల 62 వేలు! అన్నీ లెక్కపెట్టినవాడు తప్పాడు, కొన్నే లెక్కపెట్టినవాడు దాదాపు గురి తగిలించాడు. ఖర్చు చూస్తే నమూనా సర్వేది అందులో చిన్న భాగమే.

ఇది మాయ కాదు. పూర్తి లెక్కకు వేలకు వేలమంది కావాలి. అంతమందికి తర్ఫీదు ఇవ్వడం కుదరదు. చెట్టు నీడన కూర్చొని రాసినవాడిని పట్టుకునే నాథుడు ఉండడు. కొద్దిమందే అయితే బాగా నేర్పవచ్చు, వెనకే వెళ్లి తనిఖీ చేయవచ్చు. మహాలనోబిస్ ఇంకొక చక్కని పని చేశారు. ఒకే ప్రాంతానికి రెండు జట్లను పంపేవారు. ఒక జట్టు రాసింది మరో జట్టుకు తెలియదు. రెండు జట్ల ఫలితాలూ దగ్గరగా ఉంటే సరే, దూరంగా ఉంటే ఎక్కడో పొరపాటు జరిగినట్టే. మనం ప్రయోగశాలలో లోలకం ఆవర్తన కాలాన్ని ఇద్దరిచేత విడివిడిగా కొలిపించడం వంటిదే ఇది.

చింతగింజలతో ప్రయోగం

అన్నం ఉడికిందో లేదో చూడటానికి మీ అమ్మ కుండలోని మెతుకులన్నీ పట్టి చూడదు, ఒకటి రెండు చూస్తుంది. నమూనా అంటే అదే అని అందరూ చెబుతారు. కాని ఈ పోలికలో ఒక చిక్కుంది. కుండలో మెతుకులన్నీ ఇంచుమించు ఒకే వేడిలో ఉడుకుతాయి. దేశం అలా కాదు. రోడ్డు పక్క ఊరు వేరు, కొండమీది గూడెం వేరు. అధికారి తనకు అందుబాటులో ఉన్న ఊళ్లనే చూసి వస్తే, గూడెంలో ఆకలి ఆయన లెక్కలోకి రాదు. అందుకే ఏ ఊరు చూడాలో మనిషి ఇష్టానికి వదలకూడదు. చీటీల పద్ధతిలాంటి యాదృచ్ఛిక పద్ధతిలో, ప్రతి ఊరికీ నమూనాలోకి వచ్చే అవకాశం ఉండేలా ఎన్నుకోవాలి. ఎన్నికైన ఊరు కొండ మీద ఉంటే కొండ ఎక్కవలసిందే.

మీరే చేసి చూడండి. 500 చింతగింజలు పోగుచేయండి. వాటిలో 150 గింజలకు సున్నం పూసి ఆరబెట్టండి. అంటే సున్నం గింజలు నూటికి 30. అన్నిటినీ సంచిలో వేసి బాగా కలిపి, చూడకుండా 20 గింజలు తీయండి. సున్నం గింజలు 6 రావాలి. కాని ఒకసారి 5 వస్తాయి, ఒకసారి 8 వస్తాయి. లెక్క రాసుకొని, గింజలు తిరిగి వేసి, కలిపి మళ్లీ తీయండి. ఇలా పాతికసార్లు చేస్తే చాలాసార్లు 4కూ 8కీ మధ్యనే ఉంటుంది. అనగా నూటికి 20 నుంచి 40 వరకు. ఇప్పుడు 20 బదులు 80 గింజలు తీయండి. చాలాసార్లు 20కీ 28కీ మధ్య వస్తాయి. అనగా నూటికి 25 నుంచి 35 వరకు. నమూనా నాలుగు రెట్లు అయితే పొరపాటు సగం అయింది!

మరో సంగతి కూడా ఉంది. సంచిలో 500 బదులు 5 లక్షల గింజలున్నా, బాగా కలిపితే, 80 గింజల నమూనా ఇంచుమించు ఇంతే బాగా చెబుతుంది. గిన్నెలోని పాయసంలో తీపి చూడటానికి ఒక చెంచా చాలు, గుండిగలోని పాయసానికైనా ఒక చెంచా చాలు. బీద దేశాలకు ఇది వరం వంటి సంగతి. ఎందుకంటే జనం ఎంత ఎక్కువ ఉన్నా సర్వే ఖర్చు అంతగా పెరగనక్కరలేదు.

140 రకాల కొలతలు

స్వాతంత్ర్యం వచ్చాక ప్రణాళికలు వేయాలన్నారు. దేశంలో మనిషి ఆదాయం ఎంత, తినేది ఎంత, ఎంతమందికి పని ఉంది అంటే జవాబు లేదు. 1949లో మహాలనోబిస్ ప్రభుత్వానికి గౌరవ సాంఖ్యక సలహాదారు అయ్యారు. 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది. ఆ ఏడు అక్టోబరు నుంచి తొలి విడతలో దేశంలోని లక్షల గ్రామాల నుంచి 1,833 గ్రామాలను ఎన్నుకున్నారు.

కాగితం మీద తేలికే. పల్లెకు వెళ్లిన ఉద్యోగి ‘ఎంత ధాన్యం వాడారమ్మా?’ అని అడిగితే ఒకచోట కుంచాలంటారు, ఒకచోట మానికలంటారు, ఇంకోచోట తూములంటారు. ఇరవై తూములు ఒక పుట్టి సరే, కాని ఈ జిల్లా తూమూ ఆ జిల్లా తూమూ ఒకటేనా? కాదు! అప్పటికి మన దేశంలో మెట్రిక్ కొలతలు రాలేదు. తొలి విడతలోనే 140 వరకు స్థానిక తూనికలు, కొలతలు ఎదురయ్యాయి. పదిహేను భాషల్లో అడగవలసి వచ్చింది. ఏ ఊరి మానిక ఎన్ని శేర్లో తెలుసుకొని, అన్నిటినీ ఒకే కొలతలోకి మార్చాకే కూడిక మొదలవుతుంది. కొలతల ప్రమాణాల గురించి మీరు చదివే పాఠం పరీక్ష కోసమే కాదన్నమాట.

ఇంకొక చిక్కు జ్ఞాపకంతో. ‘గత వారం ఎంత నూనె వాడారు?’ అని అడిగితే ఒక జవాబు, ‘గత నెల?’ అని అడిగితే మరో జవాబు వస్తుంది. రెండో దానిని నాలుగుతో భాగిస్తే మొదటిది రాదు! వారం అంటే ముందు వారం వాడింది కూడా కలిపి చెబుతారు. నెల అంటే కొంత మరచిపోతారు. ఏది నిజానికి దగ్గరో తెలుసుకోవడానికి కలకత్తా సంస్థ 1950లలోనే ప్రయోగాలు చేసింది. ఈ చిక్కు చిన్నది కాదు. 1999–2000 సర్వేలో వారం ప్రశ్నా, నెల ప్రశ్నా రెండూ పక్కపక్కనే అడిగారు. దానితో ఫలితాలను పాత సర్వేలతో పోల్చడం కష్టమైంది. దేశంలో బీదవారు ఎంత తగ్గారు అన్నదాని మీద ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు.

పంట కోత ప్రయోగం మీలో పల్లెటూరి పిల్లలు చూసే ఉంటారు. అధికారులు వచ్చి, యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక ప్రకారం చేలో ఒక చోటు గుర్తించి, తాడు పట్టి, 5 మీటర్ల చదరం కోసి, నూర్చి తూస్తారు. 25 చదరపు మీటర్లలో 12.5 కిలోలు వచ్చిందనుకోండి, హెక్టారుకు 400 రెట్లు, అంటే 5,000 కిలోలు. ఈ చదరం ఎంత ఉండాలన్న విషయం మీద 1940లలో మహాలనోబిస్‌కూ, మరో గొప్ప శాస్త్రజ్ఞుడు పి.వి. సుఖాత్మేకూ పెద్ద వాదమే జరిగింది. చిన్న వలయాలు చాలునని మహాలనోబిస్ అన్నారు. ముక్క మరీ చిన్నదైతే దిగుబడి ఎక్కువగా కనిపిస్తుందని సుఖాత్మే చూపించారు. ఎందుకో లెక్క వేయండి. 1 మీటరు వ్యాసార్ధం ఉన్న వలయానికి చుట్టుకొలత 6.28, వైశాల్యం 3.14. అంటే చదరపు మీటరుకు 2 మీటర్ల అంచు. 5 మీటర్ల చదరానికి చుట్టుకొలత 20, వైశాల్యం 25. చదరపు మీటరుకు 0.8 మీటరు అంచు. కోసేవాడి చెయ్యి అంచు మీది దుబ్బును వదలదు, లోపలికే లాగుతుంది! అంచు ఎక్కువైతే ఆ పొరపాటూ ఎక్కువే. ఈ విషయంలో సుఖాత్మే మాటే నిలిచిందని నా అభిప్రాయం.

విశాఖపట్నం నుంచి కలకత్తాకు

సి.ఆర్. రావు గారి పూర్తి పేరు కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920లో హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో చదివారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. పూర్తిచేసి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, అక్కడ మహాలనోబిస్ సంస్థ సంగతి విని 1941లో అందులో శిక్షణకు చేరారు. తర్వాత ప్రపంచమంతా పాఠ్యపుస్తకాలలో ఆయన పేరు చేరింది. 2023లో అంతర్జాతీయ సాంఖ్యక బహుమతి అందుకొని, అదే ఏడు ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన సిద్ధాంతాలు మీకు కాలేజీలో వస్తాయి. ఇక్కడ చెప్పదలచుకున్నది ఆయన కలకత్తాలో దశాబ్దాల తరబడి శిష్యులను తయారుచేశారన్న సంగతి.

శిష్యులు మన దేశంవారే కాదు. 1950లో కలకత్తాలో అంతర్జాతీయ సాంఖ్యక విద్యా కేంద్రం తెరిచారు. ఆసియా, ఆఫ్రికా దేశాల ప్రభుత్వ ఉద్యోగులు వచ్చి, నమూనా ఎలా తీయాలో, ప్రశ్నలు ఎలా రాయాలో నేర్చుకొని తమ దేశాలకు వెళ్లేవారు. కొత్తగా స్వతంత్రం వచ్చిన బీద దేశాలకు పడమటి దేశాల పద్ధతులు అచ్చంగా పనికిరావు. అక్కడ ప్రతి ఇంటికీ నంబరు, ప్రతి బిడ్డకూ పుట్టిన తేదీ కాగితం, ప్రతి కొట్టుకూ ఖాతా పుస్తకం ఉంటాయి. ఇవేవీ లేని చోట లెక్క తీయడం ఎలాగో కలకత్తాలో నేర్చుకోవచ్చు. ఐక్యరాజ్యసమితి నమూనా సర్వేల మీద 1947లో వేసిన ఉపసంఘానికి మహాలనోబిస్ అధ్యక్షుడుగా ఉన్నారు కూడా.

గాలిలో పండిన ధాన్యం

చైనా ప్రధాని చౌ ఎన్‌లై 1956 డిసెంబరులో కలకత్తా సంస్థను చూశారు. మరుసటి ఏడు మహాలనోబిస్ చైనా వెళ్లారు. ఆ దేశపు సాంఖ్యకులు నమూనా పద్ధతి మీద ఆసక్తి చూపారు. ఆ పద్ధతి అక్కడ నిలదొక్కుకొని ఉంటే ఎంత బాగుండేది! కాని 1958లో చైనా నాయకత్వం ‘మహా ముందడుగు’ అనే ఉద్యమం తలపెట్టింది. పంట ఎంత ఎక్కువ చూపిస్తే అంత మెప్పు. తక్కువ చెప్పినవాడికి శిక్ష. ఊరి అధికారి పదిని పదిహేను అన్నాడు, పైవాడు ఇరవై అన్నాడు. చివరికి ఆ ఏడు 37.5 కోట్ల టన్నుల ధాన్యం పండిందని దేశం ప్రకటించింది. అసలు పంట సుమారు 20 కోట్ల టన్నులు!

కాగితం మీది ధాన్యాన్ని ఎవరూ తినలేరు కదా. కాని ప్రభుత్వం తన వాటాను కాగితం లెక్క ప్రకారమే వసూలు చేసింది. రైతు ఇంట గింజ మిగలలేదు. 1959 నుంచి 1961 వరకు సాగిన ఆ కరువులో కోట్లమంది చనిపోయారు. ఎర్రకోట కాంట్రాక్టరు అబద్ధం ప్రభుత్వానికి డబ్బు నష్టం. ఇక్కడ అబద్ధం ప్రాణాలు తీసింది. చైనా తర్వాత తేరుకొని, ఐక్యరాజ్యసమితి సాయంతో కంప్యూటర్లు తెచ్చుకొని 1982లో జనాభా లెక్కలు చక్కగా జరిపింది. నమూనా సర్వే జట్లనూ ఏర్పాటు చేసుకుంది.

కాబట్టి లెక్కల కార్యాలయం అంటే భవనమూ కంప్యూటర్లూ మాత్రమే కాదు. మంత్రిగారికి నచ్చని అంకెను కూడా అచ్చువేయగల స్వేచ్ఛ దానికి ఉండాలి. ఇల్లాలు చెప్పిన సంగతి పన్నుల అధికారికి చేరదన్న హామీ ఉండాలి. చట్టం రాయడం తేలిక, పదేళ్లపాటు మాట నిలుపుకొని జనం నమ్మకం సంపాదించడం కష్టం.

లెక్కకు అందని ఊళ్లు

ఆఫ్రికాలో అతి పెద్ద జనాభా ఉన్న నైజీరియా సంగతి చూడండి. అక్కడ ఏ రాష్ట్రంలో జనం ఎక్కువ ఉంటే దానికి చట్టసభలో స్థానాలూ, నిధులూ ఎక్కువ. ఇక చెప్పేదేముంది! 1962 లెక్కలను రద్దు చేశారు. 1973 లెక్కలనూ రద్దు చేశారు. 1991లో దేశ జనాభా 8 కోట్ల 90 లక్షలని తేలింది. అందరూ 10 కోట్లకు పైనే అనుకుంటున్న రోజులవి. 2006లో 14 కోట్లు అన్నారు. 2023లో జరగవలసిన లెక్కలు వాయిదాపడ్డాయి. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలోనైతే జనాభా లెక్కలు 1984 తర్వాత జరగనే లేదు.

దీనికీ పోలియోకూ సంబంధం ఉంది. ఉత్తర నైజీరియాలో చుక్కల మందు వేసేవాళ్లు చేత్తో గీసిన పటాలు పట్టుకొని తిరిగేవారు. ఎన్నిసార్లు తిరిగినా వ్యాధి మళ్లీ తల ఎత్తేది. 2012 ప్రాంతంలో ఉపగ్రహ చిత్రాలతో కొత్త పటాలు గీస్తే, పాత పటాలలో లేని ఊళ్లు, పాకలు ఎన్నో కనిపించాయి. అక్కడి పిల్లలకు ఎవరూ చుక్కలు వేయలేదు! మందు ఉంది, మనుషులు ఉన్నారు, లేనిది జాబితా ఒక్కటే. ఆ ఊళ్లన్నీ చేర్చి పని సాగించారు. 2020 ఆగస్టులో ఆఫ్రికా ఖండం సహజ పోలియో వైరస్ నుంచి విముక్తమైనట్టు ప్రకటించారు.

ఉపగ్రహం ఇంటి పైకప్పు చూస్తుంది గాని, లోపలి వాళ్లు అన్నం తిన్నారో లేదో చెప్పలేదు. దానికి ఎవరో ఒకరు తలుపు తట్టక తప్పదు.

ఆదాయం లెక్కల్లోనూ వింతలు ఉన్నాయి. 2010లో పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా దేశం ఒక్క రోజులో తన జాతీయోత్పత్తి 60 శాతానికి పైగా పెరిగిందని ప్రకటించింది. 2014లో నైజీరియా 89 శాతం పెరిగిందన్నది. ఎవరూ గుప్తధనం తవ్వలేదు. అప్పటివరకు నైజీరియా లెక్కకు ఆధారం 1990 నాటి ఆర్థిక వ్యవస్థ. అప్పుడు సెల్‌ఫోన్లు లేవు, ఇప్పుడు వాళ్లు వేలెక్కున తీసే సినిమాలూ లేవు. కొత్త వ్యాపారాలను లెక్కలోకి తెచ్చే మనుషులూ డబ్బూ లేక ఇరవై ఏళ్లు పాత చొక్కా కొలతలతోనే పెరిగిన కుర్రాడికి చొక్కాలు కుట్టారన్నమాట.

బీద దేశాలు తమ లెక్కలు తామే తీసుకోగలిగేలా సాయపడాలని 1999లో ‘పారిస్ 21’ అనే అంతర్జాతీయ సంస్థ ఏర్పడింది. డబ్బు సాయంలో ఒక మెలిక ఉంది. 1984 నుంచి అమెరికా ప్రభుత్వ సాయంతో 90 వరకు దేశాలలో జనాభా, ఆరోగ్య సర్వేలు జరిగాయి. శిశు మరణాలు ఎన్ని, తల్లులకు రక్తహీనత ఎంత అన్నది అనేక దేశాలకు ఈ సర్వేల వల్లనే తెలిసేది. 2025లో అమెరికా ఆ సాయాన్ని నిలిపివేసింది. సగంలో ఉన్న సర్వేలు ఆగిపోయాయి. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా 1992–93 నుంచి ఆ వరుసలోదే. కాని దానిని నడిపేది ముంబాయిలోని మన జనాభా శాస్త్రాల సంస్థే. సొంత మనుషులున్న చోటుకూ, లేని చోటుకూ తేడా అక్కడ తెలుస్తుంది.

ఇంకా ప్రపంచంలో అయిదేళ్ల లోపు పిల్లలలో సుమారు 15 కోట్ల మంది పుట్టుక ఎక్కడా నమోదు కాలేదని యూనిసెఫ్ 2024 నివేదిక చెబుతోంది. వాళ్లు బడిలో చేరవలసిన ఏడు ఏదో చెప్పే కాగితం లేదు.

మన దేశంలో 2021లో జరగవలసిన జనాభా లెక్కలు వాయిదాపడి, 2027 మార్చి 1వ తేదీ ప్రాతిపదికగా జరపాలని 2025లో నిర్ణయమైంది. లెక్కలు రాసేవాళ్లలో మా ఉపాధ్యాయులే ఎక్కువ. మాకు అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ‘వయసెంత?’ అన్నదే. పుట్టిన తేదీ తెలియని పెద్దవాళ్లు ‘రాసుకో బాబూ, ఓ అరవై’ అంటారు. 59, 61 అనేవాళ్లు అరుదు. పాత జనాభా లెక్కల్లో వయసుల పటం గీస్తే 30, 35, 40, 45 దగ్గర కొండలూ, మధ్యలో లోయలూ కనిపిస్తాయి. ఒక దేశపు లెక్కలు ఎంత నమ్మదగినవో చూడటానికి శాస్త్రజ్ఞులు మొదట ఈ కొండల ఎత్తే కొలుస్తారు.

మీ వీధిలో ఏభై ఏళ్లు దాటినవారిని ఏభైమందిని వయసు అడిగి రాసుకోండి. పుట్టిన తేదీ అడగవద్దు, వయసే అడగండి. చివరి అంకె 0 గాని 5 గాని ఉన్నవి ఎన్నో లెక్కపెట్టండి. అందరూ సరిగా చెబితే పదింట రెండు, అంటే 10 దగ్గర రావాలి. మీకు ఎన్ని వచ్చాయి?